ఫువహ్ములా పులి సొరలు, ఆ ట్యూనా తలకాయ

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ రోజు విషయం నీటి అడుగున సొరచేపలను వీడియో తీయడం. మేం నలుగురం మాల్దీవుల్లోని ఫువహ్ములా వెళ్లివచ్చాం. ముందుగా కెమెరా సెట్టింగులు...

అక్క: ముందు ఎరుపు గురించి చెప్పు.

తమ్ముడు: వచ్చేసింది ఎరుపు! నీటిలో దిగేకొద్దీ అన్నిటికంటే ముందు మాయమయ్యేది అదే.

అక్క: అందుకే లోతు మారిన ప్రతిసారీ తెల్ల పలక చూపించి రంగు సరిచేసుకోవాలి. నువ్వు మొదటి రోజంతా చేయలేదు.

తమ్ముడు: సరే. ఇక అసలు దృశ్యం. పులి సొర నాకు రెండు బారల దూరంలో...

అక్క: రాయి కింద ట్యూనా తలకాయ పెట్టారు కాబట్టి వచ్చింది. ఆ మాట వీడియోలో ఎక్కడా లేదు.

తమ్ముడు: అక్కా, అక్కడి రేవులో జాలర్లు ట్యూనా కోసి తలలు నీళ్లలోనే పడేస్తారు. ఆ వాసనకు సొరలు ఎప్పటి నుంచో వస్తున్నాయి.

అక్క: జాలరి పారేయడం వేరు, మన కెమెరా కోసం పెట్టడం వేరు. చూసేవాళ్లు అది తనంతట తానే వచ్చిందనుకుంటారు.

తమ్ముడు: మనలాంటివాళ్లు చూడటానికి వస్తున్నారు కాబట్టే అక్కడ బతికున్న సొరకు విలువ. 2010లో మాల్దీవులు సొరల వేటను నిషేధించాయి. మన కాకినాడలో? అమ్మ చేసిన సొర పిట్టు నువ్వూ తిన్నావు.

అక్క: తిన్నాను. ఇక తినలేను. ఆ పులి సొర తలకాయను అందుకునేటప్పుడు కంటి కింది నుంచి తెల్లటి పొర పైకి లేచి కనుగుడ్డును కప్పేసింది, చూశావా? అంత పెద్ద జంతువు, తన కన్ను కాపాడుకుంటోంది. అప్పటి నుంచి నా మనసు మారింది. ఎర పెట్టామని చెప్పాలి, అంతే.

తమ్ముడు: ...చెబుతాను. వీడియో కింద రాస్తాను.

అక్క: ఇంకొకటి. దృశ్యం కదలకూడదని నువ్వు ఊపిరి బిగబట్టావు. నీ బుడగలు ఆగిపోయాయి. నేను పక్కనే ఉన్నాను.

తమ్ముడు: బుడగల చప్పుడుకు అది వెళ్లిపోతుందేమోనని...

అక్క: పోతే పోనీ! పది మీటర్ల లోతులో పీల్చిన గాలి నీటిపైకి వచ్చేసరికి రెట్టింపు అవుతుంది. ఊపిరి బిగబట్టి నాలుగు అడుగులు పైకి తేలినా ఊపిరితిత్తులు చిరగవచ్చు. డైవింగులో మొదటి పాఠమే అది. అమ్మకు ఏం చెప్పేదాన్ని?

తమ్ముడు: నువ్వు నా భుజం పట్టుకున్నావు, గుర్తుంది. మళ్లీ చేయను.

అక్క: ఊఁ.

తమ్ముడు: మరి సెట్టింగులు. సెకనుకు 60 ఫ్రేములు, వెడల్పు కటకం. దీపాలను రెండు పక్కలకు బాగా జరపండి, లేకపోతే నీటిలోని నలుసులు మంచు కురిసినట్టు మెరుస్తాయి.

అక్క: దీపం దగ్గరగా ఉంటే ఎరుపు కూడా తిరిగి వస్తుంది.

తమ్ముడు: మళ్లీ ఎరుపు!

అక్క: మనతో వచ్చిన ఇంజనీరు గారు ఆ సొరను పక్క నుంచి తీశారు కదా. చారలను బట్టి ఏ సొరో గుర్తుపట్టవచ్చు. ఆ వీడియో పంపారా?

తమ్ముడు: ఇంకా లేదు.

అక్క: అయితే ఇప్పుడే ఫోను చేయి.

తమ్ముడు: రికార్డింగులోనా?

అక్క: చేయి, మోగుతోందా?