రాధిక: ఎం.ఆర్. రాధా ఇంటి నుంచి ‘పిన్ని’ దాకా

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో రాధిక గారి కుటుంబం, సినిమాలు, సీరియల్స్ గురించి మాట్లాడుకుందాం. ముందు ఒక పొరపాటు సరిచేయాలి. రాధ, రాధిక అక్కాచెల్లెళ్లు అని చాలామంది అనుకుంటారు. కాదండీ. రాధ గారి అక్క అంబిక, వాళ్లది కేరళ. రాధిక గారి చెల్లెలు నిరోషా. ‘నారీ నారీ నడుమ మురారి’లో బాలకృష్ణ గారి పక్కన శోభనతో పాటు చేసిన అమ్మాయి, గుర్తుంది కదా, ఆవిడే.

రాధిక తండ్రి ఎం.ఆర్. రాధా. తమిళ నాటకరంగంలో సొంత సమాజం నడిపిన మనిషి. ఆయన్ను మనవాళ్లకి పరిచయం చేయాలంటే ఒక్క పేరు చాలు: ‘రక్తకన్నీరు’. తెలుగులో నాగభూషణం గారు ఊరూరా ఆడి, ఇంటిపేరులా మార్చుకున్న నాటకం. తమిళంలో అది ఎం.ఆర్. రాధాది. 1954లో సినిమాగా కూడా వచ్చింది. 1967 జనవరి 12న ఎం.జి.ఆర్. మీద జరిగిన కాల్పుల కేసులో ఆయన జైలుకి వెళ్లారు. అప్పటికి రాధిక గారికి అయిదేళ్లు కూడా నిండలేదు. తల్లి గీత గారిది శ్రీలంక. నటుడు రాధా రవి కూడా ఎం.ఆర్. రాధా కొడుకే, రాధికకి వేరే తల్లి బిడ్డ. ఇంట్లో ఇంతమంది నటులున్నా మొదటి అవకాశం ఇచ్చింది మాత్రం బయటివాళ్లు, దర్శకుడు భారతీరాజా.

ఆ సినిమా ‘కిళక్కే పోగుం రైల్’, 1978 ఆగస్టు. హీరో ఎవరో తెలుసా? మన సుధాకర్. తర్వాత కామెడీతో మనల్ని అంతగా నవ్వించిన ఆయనే. ఇదే కథని బాపు గారు 1979లో ‘తూర్పు వెళ్లే రైలు’గా తీశారు, కానీ అందులో రాధిక లేరు. తండ్రి 1979 సెప్టెంబర్‌లో పోయారు. అంటే కూతురు తెరమీదకి వచ్చిన ఏడాది వరకే ఆయన ఉన్నారు.

తెలుగులో ఆవిడని నిలబెట్టింది ‘న్యాయం కావాలి’, 1981. కోదండరామిరెడ్డి దర్శకత్వం, కథకి మూలం డి. కామేశ్వరి గారి నవల. చిరంజీవి మోసం చేసే కుర్రాడు, రాధిక అతన్ని కోర్టుకి లాగే అమ్మాయి, శారద గారు లాయరు. ఇక్కడ హీరోయిన్ ఏడ్చి ఇంట్లో కూర్చోదు, కేసు వేస్తుంది. కథ నడిపే బరువంతా ఆ అమ్మాయి మీదే. అప్పటికి తెలుగులో కొత్త ముఖం, అయినా శారద గారి ఎదురుగా తేలిపోలేదు. అక్కణ్నుంచి చిరంజీవి, రాధిక జంటగా వరసగా సినిమాలు చేశారు. వాటిలో 1983 ‘అభిలాష’ తప్పకుండా చూడండి. యండమూరి నవల, ఇళయరాజా పాటలు.

ఇక ‘స్వాతిముత్యం’, 1986. భారతదేశం తరఫున ఆస్కార్‌కి పంపిన సినిమా. అందరూ కమల్ హాసన్ గారి గురించే మాట్లాడతారు, న్యాయమే. కానీ ఈసారి రాధిక చేసిన లలితనే చూడండి. భర్త పోయాడు, చేతిలో పసివాడు, ఉండేది అన్న ఇంట్లో. శ్రీరామనవమి ఉత్సవంలో శివయ్య, అంటే కమల్, వచ్చి ఆమె మెడలో తాళి కట్టేస్తాడు. అక్కణ్నుంచి ఆ పాత్ర ఎంత కష్టమో ఆలోచించండి. శివయ్య మొగుడు, కానీ మనసు చిన్నపిల్లాడిది. భార్యగా చూసే చూపు, తల్లిగా చూసే చూపు రెండూ ఒకే మనిషి మీద పడాలి. తల్లి చూపు ఎక్కువైతే వాళ్ల మధ్య ప్రేమ నమ్మలేం. భార్య చూపు ఎక్కువైతే శివయ్య అమాయకత్వం అబద్ధమవుతుంది. ‘వటపత్రశాయికి’ పాట ఒక్కసారి ఆమె ముఖం మీదే దృష్టి పెట్టి చూడండి, నేనంటున్నది అర్థమవుతుంది. కమల్ గారి శివయ్యని మనం నమ్మడానికి సగం కారణం రాధిక గారే.

1985లోనే ఆవిడ నిర్మాత కూడా అయ్యారు. ప్రతాప్ పోతన్ దర్శకత్వంలో ‘మీండుం ఒరు కాదల్ కదై’ తీస్తే, దర్శకుడి తొలి చిత్రానికిచ్చే జాతీయ అవార్డు వచ్చింది. హీరోయిన్‌గా చేతినిండా పని ఉన్న రోజులవి. అందుకే 1994లో తన సీరియల్ కంపెనీ రాడాన్ పెట్టడాన్ని ‘సినిమాలు తగ్గి టీవీకి వచ్చారు’ అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. తండ్రి నాటక సమాజం నడిపారు, కూతురు సీరియల్ కంపెనీ నడిపారు. రెండింటిలోనూ నటుడే యజమాని.

ఆ యజమానితనంలో రిస్క్ ఎంతో చెప్తాను. సన్ టీవీలో అప్పుడు నడిచింది స్లాట్ పద్ధతి. ఛానల్‌కి ప్రసారం ఫీజు నిర్మాతే కట్టాలి, బదులుగా వచ్చిన యాడ్ టైమ్‌ని తనే అమ్ముకోవాలి. అరగంట స్లాట్‌లో యాడ్స్ పోగా కథకి మిగిలేది ఇరవై నిమిషాల పైచిలుకు. వారానికి అయిదు ఎపిసోడ్లంటే వంద నిమిషాలు దాటుతుంది, అంటే రెండు వారాల్లో ఒక పెద్ద సినిమా కంటే ఎక్కువ నిడివి. షూటింగ్ నాలుగు రోజులు ఆగితే చేతిలో ఉన్న ఎపిసోడ్లు అయిపోతాయి. కథ సాగదీస్తే రేటింగ్ పడుతుంది, రేటింగ్ పడితే యాడ్స్ రేటు పడుతుంది, ఆ నష్టం నిర్మాతదే. ఆ పద్ధతిలో రోజూ నటిస్తూ, సొంత కంపెనీ కూడా చూసుకున్నారావిడ.

1999 చివర్లో మొదలైన ఆవిడ తమిళ సీరియల్ ‘చిత్తి’ 2001 దాకా నడిచింది. మనకి జెమినీ టీవీలో డబ్బింగ్ అయి ‘పిన్ని’. ఆ టైటిల్ ఎంత చక్కగా కుదిరిందో చూడండి. తమిళంలో చిత్తి అంటే అమ్మ చెల్లెలు, సవతి తల్లి కూడా. తెలుగులో పిన్ని కూడా అంతే. రెండూ రెండక్షరాలే, రెండింట్లోనూ ఇకారాలే, మధ్యలో ఒత్తు. డబ్బింగ్‌లో మాట తెరమీద నోటి కదలికకి కుదరాలి కదా. ‘ప’ దగ్గర పెదాలు మూసుకోవాలి, అది తప్ప మిగతాది నోటికి సరిపోతుంది. డబ్బింగ్ సీరియల్స్‌లో చిక్కొచ్చేది వాక్యం చివర. తమిళ మాట హల్లుతో ఆగిపోయే చోట తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. తెరమీద నోరు మూసుకున్నాక కూడా గొంతు వినపడుతుంది.

తర్వాత ‘అణ్ణామలై’, ‘సెల్వి’, ‘అరసి’, ‘వాణి రాణి’... 2019 చివర్లో ఆడవాళ్లే పోటీదారులుగా ‘కోడీశ్వరి’ క్విజ్ షో. 2001లో శరత్‌కుమార్ గారితో పెళ్లి. ‘గ్యాంగ్ లీడర్’లో చిరంజీవికి అన్నగా చేసింది ఆయనే. ‘క్రాక్’, ‘నాంది’లో మనం చూసిన వరలక్ష్మి ఆయన కూతురు.

ఆఖరుగా ఒక పని చేయండి. భారతీరాజా ‘కిళక్కు చీమయిలే’, 1993, ముందు చూడండి. వెంటనే దాని తెలుగు రీమేక్ ‘పల్నాటి పౌరుషం’ పెట్టండి. అన్న పాత్రలో అక్కడ విజయకుమార్, ఇక్కడ కృష్ణంరాజు గారు. చెల్లెలు మాత్రం రెండింట్లోనూ రాధికే. అన్నకీ భర్తకీ మధ్య నలిగే సీన్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసి, ఏ భాషలో బాగా చేశారో కామెంట్లలో రాయండి.