చేప పైకొచ్చి నోరు తెరిచే ముందు

అందరికీ నమస్కారం. నాగావళి ఒడ్డున పుట్టి, చేప ఈదే తీరు చూసి నీళ్ళ సంగతి చెప్పగల పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మా చెరువులో చేపలు పోయాక నాకు అర్థమైంది చెప్పి కూర్చుంటాను.

మూడేళ్ళ కిందట, రోహిణి కార్తెలో, ఇంకా తెల్లారకముందే చిన్నాన్న ఫోన్ చేశారు. "ఒరే, చేపలన్నీ పైకొచ్చీసి నోళ్ళు తెరుస్తన్నాయి, బేగి రా" అని. నేను వెళ్ళేసరికే పెద్ద బొచ్చె చేపలు తిరగబడి తేలుతున్నాయి. ఎవరో మందు కలిపారని ఊరంతా అన్నారు, రెండు రోజులు నేనూ నమ్మాను. ఎవరూ కలపలేదండీ. వరికి నీళ్ళు తోడగా చెరువు మోకాలి లోతుకి దిగింది, అంత ఎండలోనూ ముందురోజు సాయంత్రం మేం ఎప్పటిలాగే తవుడూ నూనెచెక్కా కడుపునిండా వేశాం. అదే కారణం.

మనకి వేడెక్కితే చెమట పడుతుంది, నీడకి వెళతాం. చేపకి ఆ వీలు లేదు, నీళ్ళెంత వేడెక్కితే దాని ఒళ్ళూ అంతే. నీటి వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఒంట్లో పని దాదాపు రెట్టింపవుతుంది, అంటే ఊపిరీ అంత ఎక్కువ కావాలి. నీళ్ళేమో వేడెక్కేకొద్దీ ప్రాణవాయువుని వదిలేస్తాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్ళు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 35కి వెళితే 7 మాత్రమే. రాత్రంతా పాచి కూడా అదే ఆక్సిజన్ పీలుస్తుంది కాబట్టి తెల్లవారుజామున అడుగంటుతుంది. పైగా తిన్న మేత అరగడానికి కూడా చేపకి ఆక్సిజన్ కావాలి. సాయంత్రం మేత వేస్తే ఆ భారం రాత్రిలోకి పోతుంది, సరిగ్గా గాలి లేని వేళకి.

చచ్చిపోయినవి కంటికి కనిపిస్తాయి, బతికినవాటి సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వేడికి చేప టెన్షన్ పడితే దాని ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. కాసేపైతే అది మేలే, రక్తంలో చక్కెర పెంచి తప్పించుకునే బలం ఇస్తుంది. రోజుల తరబడి అలాగే ఉంటే మాత్రం ఎదుగుదల ఆగిపోతుంది, రోగాన్ని ఆపే శక్తి తగ్గుతుంది. ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే ఏరోమోనాస్ లాంటి సూక్ష్మజీవులు అప్పుడు లోపలికి దూరతాయి. మా చెరువులో బతికిన శీలావతి చేపలకి పది రోజుల తర్వాత పొలుసుల కింద ఎర్రమచ్చలు వచ్చాయి, మేం మందుల షాపుకి పరిగెత్తాం. అందుకే జబ్బు కనిపించినప్పుడు వెనక్కి లెక్కపెట్టండి, అంతకుముందు ఏ రోజు నీళ్ళు కాగిపోయాయో గుర్తు చేసుకోండి.

చేప వదిలే వ్యర్థం నుంచి నీళ్ళలో చేరే అమ్మోనియా సంగతి కూడా ఒక్క మాట. పీహెచ్, అంటే నీళ్ళ పులుపు-క్షారం చెప్పే కొలత, 9 ఉన్న నీళ్ళలో, 20 డిగ్రీల దగ్గర అమ్మోనియాలో 28 శాతం దాకా విషరూపంలో ఉంటే, 30 డిగ్రీలకి 45 శాతం దగ్గరికి వెళుతుంది. పాచితో పచ్చగా మారిన చెరువులో మధ్యాహ్నం పీహెచ్ కూడా పైకి పోతుంది. మిగిలిపోయిన మేత కుళ్ళి అమ్మోనియాని ఇంకా పెంచుతుంది.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామంటే, ఎండలు ముదిరాక మేత సగానికి తగ్గించి పొద్దున్నే, అదీ ఎండెక్కి నీటిలో గాలి కాస్త పెరిగాక వేస్తాం. చేప పైకొచ్చిన రోజు అస్సలు వేయం. వల లాగడం, చేపపిల్ల వదలడం చల్లటి వేళే. తెచ్చిన పిల్లని సంచితోనే కాసేపు నీళ్ళలో తేలనిచ్చి, రెండు నీళ్ళ వేడీ ఒకటయ్యాక వదులుతాం. వీలైతే మనిషి లోతు నీళ్ళు నిలబెట్టుకోండి, వరికి తోడేవాళ్ళతో ముందే మాట్లాడుకోండి. కరెంటు పోతుందని తెలిస్తే డీజిల్ పంపు గట్టు మీదే ఉంచండి. కొరమేనుకి పైనుంచి గాలి పీల్చే అవయవం ఉంది కాబట్టి తట్టుకుంటుంది, దాన్ని చూసి బొచ్చె కూడా ఆగుతుందని అనుకోవద్దు.

థర్మామీటరు తెచ్చాను, తాడు కూడా కట్టాను. ఎండ బాగా ఎక్కింది, రండి గట్టు మీదికి వెళదాం. పైన ఒకసారి, అడుగున ఒకసారి దించి చూద్దాం, తేడా ఎంతో మీరే చదివి చెబుదురు గాని.