తెలుగు వార్తల సైట్ ఫోన్‌లో హాయిగా చదివేలా ఎట్లా సరిచేయాలి?

అందరికీ నమస్తే. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు, బస్తాల పక్కనే నిలబడి ఫోన్‌లో ఇయ్యాల్టి ధర వెతుకుతున్నాడనుకోండి. ఎండకు స్క్రీన్ సరిగా కనపడదు, సిగ్నల్ అంతంతమాత్రం. ఆయనకు వీలయ్యేలా మన వార్తల సైట్‌ను ఈ వీడియోలో సరిచేద్దాం.

ముందు ఈ పేజీ చూడండి. హెడ్‌లైన్ నొక్కబోయాను, అంతలోనే పైన యాడ్ వచ్చి హెడ్‌లైన్ కిందికి జరిగింది. వేలు పోయి యాడ్ మీద పడింది. వార్త కోసం వచ్చిన మనిషిని ఇంతగా విసిగించేది ఇంకోటి లేదు. ప్రతి ఫొటోకూ కోడ్‌లో విడ్త్, హైట్ ఇవ్వండి. యాడ్ వచ్చే చోటికి ముందే మినిమమ్ హైట్ పెట్టండి. యాడ్ రాకపోయినా ఆ చోటు అట్లనే ఉండనివ్వండి. పేజీ ఎంత కదులుతోందో గూగుల్ సీఎల్ఎస్ అనే లెక్కతో చూస్తుంది, అది 0.1 దాటకూడదు. గూగుల్ వాళ్లదే పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే సైట్ ఉంది, అందులో మీ లింక్ పేస్ట్ చేసి, మొబైల్ ట్యాబ్‌లో చూసుకోండి.

ఇక అక్షరాల సంగతి. ఇంగ్లిష్ కోసం చేసిన థీమ్‌లో తెలుగు పెడితే ఏమవుతుందో చూడండి. "రాష్ట్రం"లోని వత్తులు కింది లైను గుడులకు తగులుతున్నాయి. ఇక్కడ లైన్ హైట్, అంటే ఒక్కో లైనుకు ఇచ్చే ఎత్తు, అక్షరం సైజుకు 1.2 రెట్లు ఉంది, 1.7 చేస్తున్నాను. ఇప్పుడు కంటికి తెరిపిగా ఉంది కదా! లెటర్ స్పేసింగ్, అంటే అక్షరాల మధ్య అదనంగా పెట్టిన ఖాళీ, ఉంటే తీసేయండి. లేత బూడిద రంగు అక్షరాలు కూడా వద్దు, ఎండలో అస్సలు కనపడవు. అక్షరానికీ వెనక రంగుకూ కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5కి 1 ఉండాలి.

ధరల పట్టికను మాత్రం దయచేసి ఫొటోగా పెట్టకండి. వెతికితే దొరకదు, జూమ్ చేస్తే మసకబారుతుంది, చూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ అందులోని అంకెలు సరిగా చదివి వినిపించలేదు. టేబుల్‌గా టైప్ చేసి, పైన తేదీ పెద్దగా వేయండి. నిన్నటి ధరను ఇయ్యాల్టిదనుకుంటే నష్టపోయేది రైతే.

జిల్లాల మెనూ కూడా ఒకసారి చూసుకోండి. వరంగల్ అర్బన్, రూరల్ అనే పేర్లు 2021లోనే పోయాయి. ఇప్పుడున్నవి హనుమకొండ, వరంగల్ జిల్లాలు.

ఇవన్నీ అయ్యాక, సైట్ ఎప్పుడూ చూడని ఒకరికి ఫోన్ ఇచ్చి, ఇయ్యాల్టి మిర్చి ధర వెతకమనండి. మధ్యలో మీరు ఏమీ చెప్పొద్దు. వేలు ఎక్కడ తడబడుతోందో రాసుకోండి. సెర్చ్ పెట్టె పని తర్వాతి వీడియోలో చేద్దాం.