‘జర్మేన్’ కార్డు దగ్గర ఆగిపోయాను: ఇంగ్లిష్ పదాల కార్డుల రివ్యూ

నమస్కారం. ఈ ఇంగ్లిష్ పదాల కార్డుల పెట్టెను తయారు చేసినవారే నాకు ఉచితంగా పంపించారు. నేను డబ్బు తీసుకోలేదు, ఏం చెప్పాలో వారూ సూచించలేదు. పెట్టెలో ఎన్ని కార్డులున్నాయి, యాప్ ఏ ఫోన్లలో పనిచేస్తుంది వంటి వివరాలను మీరు ఈపాటికే చూసి ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లను. మూడు వారాలుగా వాడుతుంటే నన్ను కదలనివ్వకుండా పట్టుకున్నది ‘జర్మేన్’ (germane) అనే ఒక్క కార్డు.

ఆ కార్డు వెనుక ‘రెలెవెంట్’, అంటే విషయానికి సంబంధించినది, అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అది తప్పు కాదు, కానీ చాలదు. లాటిన్‌లో ‘జెర్మానుస్’ అంటే ఒకే తల్లిదండ్రులకు పుట్టినవాడని అర్థం. ఆ మాటే పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చి ‘జర్మేన్’ అయింది. స్పానిష్‌లో సోదరుణ్ణి పిలిచే ‘ఎర్మానో’ కూడా దాని సంతానమే. ఒకే ఉదరం నుంచి వచ్చినవాడనే అర్థంలో మనం ‘సహోదరుడు’ అంటున్నాం కదా, ఈ పదం వెనుక ఉన్న ఊహ కూడా అటువంటిదే. ఏదో ఒక పోలికతో చర్చలోకి వచ్చిన విషయాన్ని ‘రెలెవెంట్’ అనవచ్చు గానీ, చర్చకు తోబుట్టువులా అతుక్కుని ఉన్నదానికే ‘జర్మేన్’ అనే మాట నప్పుతుంది. బాదరాయణ సంబంధానికి ఇక్కడ చోటు లేదు.

ఈ తేడా పండితుల పట్టింపు కాదనడానికి అమెరికా ప్రతినిధుల సభే సాక్ష్యం. చర్చలో ఉన్న బిల్లుకు వేరే విషయాన్ని సవరణ పేరుతో తగిలించకూడదన్న నియమం అక్కడ 1789 నుంచీ ఉంది; దాన్ని ‘జర్మేన్‌నెస్’ నియమం అంటారు. ఒక ప్రాంతాన్ని రాష్ట్రంగా చేర్చుకునే బిల్లుకు మరో ప్రాంతాన్ని కూడా చేర్చుకోవాలని సవరణ తెస్తే, రెండూ ఒకే కోవకు చెందినవైనా, ఆ సవరణ ‘జర్మేన్’ కాదని తోసిపుచ్చడం అక్కడి సంప్రదాయం. మామూలు మాటల్లో మనం దాన్ని ‘రెలెవెంట్’ అనే అంటాం. అక్కడి ఎగువ సభ సెనేట్‌లో అన్ని బిల్లులకూ వర్తించే ఇలాంటి నియమం లేదు, అందుకే అక్కడ బిల్లులకు ఏవేవో తోకలు తగులుకుంటూ ఉంటాయి.

ఇంతకుముందు నేను వాడిన నిఘంటువు అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం. అందులో అర్థం తరువాత కుండలీకరణాల్లో పదమూలం ఒక్క వరుసలో ఉండేది, ఆ వరుస వల్లే ఈ పదం నాకు ఒక్కసారి చదివితే గుర్తుండిపోయింది. ఆ ఒక్క వరుసకు ఇంత నున్నటి కార్డు మీద చోటు దొరకలేదంటే నమ్మడం కష్టం.

యాప్‌లోని ఉచ్చారణ అంతకంటే విసుగు తెప్పించింది. ఊనిక, అంటే పలికేటప్పుడు వేసే ఒత్తు, రెండో భాగమైన ‘మేన్’ మీద పడాలి. వీరు మొదటి భాగం మీద ఊనిక వేయడంతో అది ‘జర్మన్’ అన్నట్టే వినిపిస్తుంది. ఇంటర్వ్యూలో ఎవరైనా అలా పలికితే వినేవారికి దేశం గుర్తుకొస్తుంది తప్ప సందర్భం అర్థం కాదు. ఉదాహరణ వాక్యంలో ఈ పదం పక్కన ‘విత్’ వాడారు, అక్కడ ఉండవలసింది ‘టు’. ‘విషయంతో సంబంధం’ అనడం అలవాటైన మనకు ఈ పొరపాటు సులభంగా దొర్లుతుంది కనుక, సరిచేయవలసిన కార్డే దాన్ని నేర్పడం నాకు మింగుడుపడలేదు. ‘విషయానికి సంబంధించినది’ అనుకుంటూ రాస్తే ‘టు’ దానంతట అదే వస్తుంది.

అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి, కాగితం గట్టిది, పెట్టె చూడముచ్చటగా ఉంది. అయినా ఈ పెట్టెను నేను సిఫార్సు చేయను. మిగిలిన కార్డుల్లో చాలావరకు బాగానే ఉన్నాయని ఒప్పుకుంటాను, కానీ ఈ కార్డు చూశాక వాటిలో ప్రతిదాన్నీ నిఘంటువుతో సరిచూసుకుంటున్నాను, అలా సరిచూసుకోవలసి వచ్చినప్పుడు కార్డులెందుకు? ‘జర్మేన్’ కార్డు వెనుక మాత్రం పెన్సిల్‌తో ‘తోబుట్టువు’ అని రాసి నా దగ్గరే ఉంచుకున్నాను.