ఫోన్‌లో కదిలే చుక్క

అందరికీ నమస్కారం.

తిరుమలలో సర్వదర్శనానికి 12 గంటలు పడుతుందంటారు. ఆ 12 గంటలు ఎవరూ గడియారం పెట్టి కొలిచినవి కావు. ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో చూసి వేసిన అంచనా. ఉపగ్రహాలు ఎక్కడున్నాయో చూపించే యాప్ పెట్టుకుంటే, మీ ఫోన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం పేరుతో కదిలే చుక్క కూడా ఆ బాపతే. లైవ్ అనుకుంటాం గానీ, ఎప్పుడో కొలిచినదాన్ని పట్టుకుని ఇప్పుడు ఎక్కడుండాలో ఫోన్ లెక్కగట్టి చూపిస్తుంది.

మరి కొలిచిందెవరు? ఎక్కువ భాగం అమెరికా స్పేస్ ఫోర్స్. కింద తిరిగేవాటికి రాడార్లు, చాలా ఎత్తున, భూమితో పాటే తిరిగే భూస్థిర కక్ష్యలో ఉన్నవాటికి టెలిస్కోపులు. మన గాదంకి రాడార్ కూడా ఇదే పని చేస్తుందా అని అడుగుతుంటారు. అది వాతావరణం కోసం కట్టింది. ఉపగ్రహాలనూ శకలాలనూ వెంబడించే రాడార్ శ్రీహరికోటలో ఉంది.

ఏ రాడారైనా ఉపగ్రహం తన ఆకాశంలో ఉన్న కొద్ది నిమిషాలే చూడగలదు. అలా దొరికిన తునకలన్నీ కలిపి, 69 అక్షరాల వరుసలు రెండింటిలో కక్ష్యను కుదించి బయటపెడతారు. మొదటి వరుసలో, ఆ లెక్క ఏ క్షణానిదో చెప్పేచోట 25200.5 అని ఉందనుకోండి. 2025వ సంవత్సరం, 200వ రోజు, గ్రీనిచ్ లెక్కన మిట్టమధ్యాహ్నం. అంటే జూలై 19, మనకు సాయంత్రం ఐదున్నర. సంవత్సరానికి రెండంకెలే ఇచ్చారు కాబట్టి 57 కనిపిస్తే 1957 అని చదువుకోవాలి, స్పుత్నిక్ ఎగిరిన ఏడాది. 2057లో ఏం చేస్తారో మీ తరం చూసుకోవాలి!

ఆ క్షణానికే లెక్కలో కిలోమీటరు అటూఇటూ ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అది పెరుగుతుంది. కారణం గాలి. 400 కిలోమీటర్ల ఎత్తులోనూ పలచగా గాలి ఉంది. సూర్యుడు రేగితే అది ఉబ్బి ఉపగ్రహాన్ని వెనక్కి పట్టి లాగుతుంది. 2022 ఫిబ్రవరిలో అప్పుడే వదిలిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 దాకా అలాగే పోయాయి.

కిలోమీటరే కదా అనకండి. 2009 ఫిబ్రవరి 10న ఇరిడియం 33, అప్పటికే పనిచేయడం మానేసిన కాస్మోస్ 2251 అనే రెండు ఉపగ్రహాలు సైబీరియా మీద గుద్దుకున్నాయి. అందరికీ దొరికే లెక్క ప్రకారం అవి 584 మీటర్ల దూరంలో తప్పుకుపోవాలి. ఆ రోజు ప్రమాదాల జాబితాలో అది మొదటి వరుసలో కూడా లేదు. సొంత ఉపగ్రహం ఉన్నవాళ్ల దగ్గర జీపీఎస్‌తో తీసిన మెరుగైన కొలత ఉంటుంది, నిజమే. చచ్చిపోయిన కాస్మోస్‌కు ఆ కొలత ఎవరిస్తారు? ఇక సైనిక రహస్య ఉపగ్రహాల లెక్క అసలు బయటికే రాదు. కొందరు అభిరుచిపరులు బైనాక్యులర్లు, స్టాప్‌వాచ్ పట్టుకుని వాటిని తామే వెతుక్కుంటారు.

నా సంగతీ చెప్పాలి. ఒకసారి ఇక్కడే మేడ మీద పది మంది పిల్లల్ని నిలబెట్టి, ఏడుంబావుకు అంతరిక్ష కేంద్రం వస్తుందని గొప్పగా చెప్పాను. రాలేదు. "సార్, మబ్బు కూడా లేదే" అన్నాడొకడు. అందరూ మెట్లు దిగుతుంటే మూడు నిమిషాలు దాటాక తాపీగా వచ్చింది. కిందికెళ్లి చూసుకుంటే నా కంప్యూటర్లో ఉన్నది మూడు వారాల నాటి లెక్క. ఈలోగా కేంద్రాన్ని నడిపేవాళ్లు ఇంజిన్ మండించి దాన్ని కాస్త పైకి జరిపారు.