అక్క చెయ్యి పట్టుకుంటేనే గడప దాటే తమ్ముడు: హెచ్‌టీఆర్3బి జీన్

"సెరొటోనిన్ అంటే ఆనందం హార్మోన్" అంటూ ఇంకొక్క రీల్ వస్తే ఫోన్ గోడకేసి కొట్టేలా ఉన్నాను. వాంతులకి డాక్టర్లు రాసే ఒండాన్‌సెట్రాన్ చేసే పనేంటి? సెరొటోనిన్‌ని ఒక రిసెప్టార్ (కణం మీద కబురు అందుకునే ప్రోటీన్) దగ్గర అడ్డుకోవడం. ఆ బిళ్ళ వేసుకుని దిగులుపడ్డవాళ్ళని చూశారా? నేనైతే హాయిగా ఇడ్లీ తిన్నాను.

మన సెరొటోనిన్‌లో దాదాపు 90 శాతం ఉండేది పేగుల్లోనే. కీమోథెరపీ మందు పడితే పేగు గోడలోని కణాలు దాన్ని వదులుతాయి. అది పేగుల్ని మెదడుతో కలిపే వేగస్ నరం మీదున్న 5-హెచ్‌టీ3 రిసెప్టార్‌ని (5-హెచ్‌టీ అంటే సెరొటోనినే, ఒండాన్‌సెట్రాన్ అడ్డుకునేది ఇక్కడే) తడితే మెదడుకి వాంతి కబురు వెళ్తుంది. మిగతా సెరొటోనిన్ రిసెప్టార్లు లోపలికి కబురు చేరవేసే రకం. ఇదొక్కటే స్వయంగా తలుపు, సోడియం లాంటి చార్జ్ ఉన్న అయాన్లు కణంలోకి దూరే దారి. మిల్లీసెకన్లలో తెరుచుకుంటుంది.

ఈ రిసెప్టార్ ఐదు ప్రోటీన్ ముక్కల కూర్పు. ఐదుగురు పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారనుకోండి. మధ్యలో ఉన్న ఖాళీయే ఆ దారి. హెచ్‌టీఆర్3ఎ జీన్ తయారుచేసే 'ఎ' పిల్లలు ఐదుగురూ అక్కలు, వాళ్ళకి వాళ్ళే గుండ్రంగా నిలబడగలరు. 1999లో బయటపడ్డ హెచ్‌టీఆర్3బి జీన్ తయారుచేసే 'బి' తమ్ముడు అలా కాదు. ఒక్కడే ఉంటే కణం లోపలే, ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో, నక్కి కూర్చుంటాడు. అక్క వచ్చి చెయ్యి పట్టుకుంటేనే కణం పైపొర దాకా వస్తాడు.

అసలు తమాషా ఇక్కడుంది. ఈ మొహమాటస్థుడు చేరగానే దారి జోరందుకుంటుంది. అక్కలే ఉన్నప్పుడు ఒక్కో ఛానెల్ (అదే, ఈ దారి) కండక్టెన్స్, అంటే కరెంటు ఎంత సులువుగా పారుతుందన్న లెక్క, 1 పికోసీమెన్స్ కూడా ఉండదు. తమ్ముడు చేరితే సుమారు 16! ఎందుకంటే లోపలి గుమ్మం దగ్గర ప్రతి అక్కకీ ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ గొలుసులో పూసలు) మూడున్నాయి, పాజిటివ్ చార్జ్‌తో. వచ్చే సోడియం కూడా పాజిటివే. అక్కలు మోచేతులు అడ్డం పెట్టి నిలబడ్డట్టే కదా! తమ్ముడికి ఆ మోచేతులు లేవు. కాల్షియానికి మాత్రం వాడొస్తే దారి తగ్గుతుంది.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తాను. ఎ, బి జీన్లు 11వ క్రోమోజోమ్ మీద ఇరుగుపొరుగు. సి, డి, ఇ అనే మరో ముగ్గురు 3వ క్రోమోజోమ్ మీద ఉన్నారు, వాళ్ళకీ అక్క చెయ్యే దిక్కు. చాలామందిలో 'బి' ప్రోటీన్ 129వ స్థానంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం బదులు సెరిన్ అనేది ఉంటుంది. అప్పుడు తలుపు ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. దీన్ని పట్టుకుని "ఆనందం జీన్ దొరికింది" అని థంబ్‌నెయిల్ మాత్రం పెట్టకండి, మీకు దండం పెడతాను.