రోహిణి కార్తెలో ఒంట్లో నీళ్ల లెక్క

నమస్కారం అండీ. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. పొద్దంతా పొలంలోనో బైక్ మీదో తిరిగొచ్చి బాత్రూమ్‌కి వెళ్తే యూరిన్ కాసింతే, అదీ ముదురు పసుపు రంగులో వస్తుంది, వేడి చేసింది అనుకుంటాం. అసలు జరిగేదేంటంటే, ఒంట్లో నీళ్లు తగ్గాయని మెదడు పొదుపు మొదలుపెట్టిందన్నమాట.

మన కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడగడతాయండీ, ఒంట్లో ఉన్న రక్తమే ఓ ఐదు లీటర్లు కదా, మరి ఇన్ని ఎక్కడివి అంటారా, అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతాయి. చివరికి బయటికి పోయేది లీటరున్నర, రెండు లీటర్లు. ఎక్కువ భాగం దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది, ఆఖర్న మిగిలిన పదో వంతు దగ్గరే అసలు బేరం.

చెరువు తూము ఎప్పుడు తెరవాలో ఎప్పుడు ముయ్యాలో చూసే మనిషిని మా వైపు నీరటి అంటాం, సీమలో నీరుగంటి అంటారు. ఒంట్లో ఆ డ్యూటీ వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ది, డాక్టర్లు ఏడీహెచ్ అంటారు. చెమట పోసి రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడినా మెదడుకి తెలిసిపోతుంది, వెంటనే పిట్యూటరీ గ్రంథి నుంచి ఇది రక్తంలోకి దిగి, కిడ్నీలో చివరి గొట్టాల గోడలకి ఆక్వాపోరిన్లనే బుల్లి బుల్లి నీటి దారులు పెట్టిస్తుంది, నీళ్లు అట్నుంచి అటే రక్తంలోకి. ఈ దారులు కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకి 2003 కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా వచ్చింది.

ఇక బీరు సంగతి. చల్లగా ఉంది కదా చలవ చేస్తుందంటారు మా ఫ్రెండ్స్, నేనైతే ఒప్పుకోను. ఆల్కహాల్ పడగానే ఏడీహెచ్ తగ్గిపోతుంది, అంటే నీరటికే తాగించి పడుకోబెట్టినట్టు, తూము తెరిచే ఉంటుంది, అందుకే ఊరికే లేచి వెళ్తుంటారు, తెల్లారేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంది.

మజ్జిగలో ఉప్పెందుకంటే, నీళ్లు ఉప్పు వెంటే పోతాయి. ఒంట్లో ఉప్పుని పట్టి ఉంచేది ఆల్డోస్టెరాన్, అడ్రినల్ గ్రంథి హార్మోన్. బాగా చెమట పోశాక ఉత్త నీళ్లే బిందెలకొద్దీ తాగితే రక్తంలో సోడియం, అంటే ఉప్పులో ఉండేదే, పడిపోవచ్చు కూడా. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు గురించి డాక్టర్‌ని అడగండి.

ఒకవేళ షుగర్ నార్మల్‌గానే ఉండి, ఆగని దాహంతో యూరిన్ లీటర్లకి లీటర్లు నీళ్లలా పోతుంటే ఏడీహెచ్ సరిగ్గా తయారవట్లేదేమో చూపించుకోవాలి, వెళ్లే ముందు రోజు ఒక కొలత డబ్బాలో పట్టి ఎన్ని లీటర్లో రాసుకెళ్లండి, డాక్టర్ మొదట అడిగేది అదే.